నాలుగో బోరు

కమలానగర్‌లో మోటారు వైండింగ్ షాపు మీద మా ఆఫీసు.
కింద రాగితీగ కాలిన వాసన,
పైన ముగ్గురం, రెండు ఫ్యాన్లు, ఒక రిపో.

ఒకటే రిపో. చిక్కంతా అక్కడే.

జిల్లాలో ఎండిన బోర్లన్నిటికీ లెక్క రాస్తున్నాం.
ఏ ఊరు, ఎన్నడుగులు, ఏ ఏడు, గంగ పడిందా లేదా.
ఇది అందరిదీ.
ఎవరైనా చూడొచ్చు, దింపుకోవచ్చు, తప్పుంటే దిద్దొచ్చు.
పక్క చేలో తొమ్మిదొందల అడుగులకీ దుమ్మే లేచిందని తెలిస్తే
ఇంకొకరు రిగ్గుబండిని పిలవకుండా ఆగుతారేమోనని
మా ఆశ.

కానీ అదే వరసలో, కామా పక్కన కామా పెట్టి,
బోరుకి డబ్బెక్కడిదో కూడా రాసుకున్నాం.
ఎవరి దగ్గర తెచ్చిందీ, నూటికెంత, ఏం కుదువ పెట్టిందీ.
అది మాలోనే ఉండాలి.

ఈ ఫోల్డరు తెరిచి, ఆ ఫోల్డరు మూసి
రెంటినీ ఒకే ఇంట్లో ఉంచుదామని నానా తిప్పలు పడ్డాను.
కుదర్లేదు.
రిపోకి వాకిలి ఒకటే.
లోపలికొచ్చిన మనిషికి వంటిల్లూ కనబడుతుంది,
బియ్యం డబ్బాలో దాచిన చీటీ కూడా.
"రెండిళ్లు కట్టాలి" అని కాగితం మీద రాసి గోడకి అంటించాను.
సోమవారం చేద్దామనుకున్నాను.

దస్తగిరి శనివారమే పుష్ చేశాడు.

వాడి తప్పు కాదు. వాకిలి తియ్యమన్నది నేనే.
ఆదివారం పొద్దున ఉగ్గాని తింటూ ఫోన్లో చూశాను:
వరస 212. కూడేరు. నాగమునెమ్మ.
నాలుగు బోర్లు. నాలుగోది 860.
కమ్మలు. మూడు రూపాయలు.
వీధివైపు దండెం మీద
లోపలి బట్టలు ఆరేసినట్టు.

విత్తనానికి శెనక్కాయలు వలుస్తూ చెప్పిందామె ఆ రోజు:
"నాలుగూ ఎండినాయని రాస్కో పాపా, ఊరికంతా తెలుసు.
నాలుగోదానికి కమ్మలు పెట్టినానని మాత్రం
మా తోడికోడలికి తెలీకూడదు.
గిల్టువి ఏసుకోని తిరుగుతాండా."

ఫైలు తీసేశాను. తీసేసినా పోలేదు.
చెరిపిందీ, చెరిపామన్న మాటా
చరిత్రలో పక్కపక్కనే కూర్చున్నాయి.
ఇక చరిత్రనే తిరగరాశాను, మొదటి కమిట్ నుంచి,
నాలుగొందల ముప్పై ఒకటి.
దస్తగిరి ముక్కు చీదుకుంటూ ఒక్కొక్కటే సరిచూశాడు.
సాయంత్రానికి మా ఇల్లు శుభ్రం.
లెక్కల పేజీలో మాత్రం ఒక అంకె.
క్లోన్లు: ఒకటి.

ఎవరో ఒకరు. శనివారం. ఏ గంటకో తెలీదు.
చదువుకునే పిల్లాడో, నిద్రపోని యంత్రమో,
వడ్డీకిచ్చే మనిషి కొడుకో.

సోమవారం రెండో ఇల్లు కట్టి తాళం వేశాను.
మంగళవారం కూడేరు బస్సెక్కాను.

ఆమె చేట కిందపెట్టి అంతా విన్నది.
రిపో అంటే ఏమని చెప్పాలో తెలీక
"దఫ్తరం" అన్నాను.
"ఎంతమంది సూసినారు?"
"ఒకరు."
"ఒకరేనా!
బోరు ఏసిన పొద్దు ఊరంతా వచ్చి నిలబన్నారు గదా
రిగ్గు చుట్టూ, దుమ్ము సూసేకి."
నవ్వలేదు.
చెవిలో కమ్మ కాసేపు తిప్పుకుంది.
గిల్టు పోయి అంచు నల్లబడుతోంది.

"ఏమని రాసినావు? సదువు."
చదివాను.
"మూడా? తప్పు. రెండున్నర.
మూడే అన్న్యాడు మొదట. మూడు తూర్లు తిరిగి
బతిమాలితే తగ్గించినాడు.
దిద్దు దాన్ని."

తిరుగు బస్సులో, ఒళ్లో లాప్‌టాప్ ఎగురుతుంటే,
తాళమేసిన ఇంట్లోకెళ్లి దిద్దాను.
కమిట్ మీద రాశాను:
నాగమునెమ్మ చెప్పింది, మూడు కాదు రెండున్నర.

ఆ ఒక్కరి దగ్గర ఇంకా
మూడే ఉంటుంది.